నలుగురికి ఒక వాయి

మొదటి వాయి నాడు

క్లినిక్కు నడిపే ప్రతి డాక్టరూ రోజువారీ నమోదు రాసి పంపాలని లైసెన్సు బోర్డు ఆర్డరు వేసింది. అక్కడ దాన్ని ఒక యంత్రం చదివి ‘అందినది’ అని జవాబిస్తుంది. మనుషులెవరూ చదవరు కాబట్టి ఇందులో నిజాలే రాస్తాను. అబద్ధాలు రాయడానికి నాకు వేరే ఫారాలు బోలెడున్నాయి.

మా క్లినిక్కు ఒకప్పుడు చీరల దుకాణం. చీరాల బజారులోకి సముద్రం వచ్చాక కింది అంతస్తు దానికే వదిలేశాం. ఇప్పుడు మెట్ల దగ్గర పడవలు కట్టి జనం పైకి వస్తారు. గోడల నిండా ఆనాటి నిలువుటద్దాలు అలాగే ఉన్నాయి. జుట్టు ఊడిన మనుషులు తమను తాము పది వైపుల నుంచీ చూసుకోనక్కర్లేదని రోజారాణి వాటికి పాత దుప్పట్లు కట్టింది. రోజారాణి మా నర్సు. వయసులో నాకంటే చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది.

పొద్దున హైదరాబాదు నుంచి డ్రోను మీద బిందె వచ్చింది. పేరుకే బిందె. చెయ్యి పెడితే కొరికేటంత చల్లగా ఉండే స్టీలు పాత్ర. నలుగురు రోగుల కణితి ముక్కలు తీసుకుని, ఆ నాలుగు కణితులనూ తినే కణాలను కంపెనీ వాళ్ళు అందులో పెంచి పంపుతారు. నలుగురి కంటే తక్కువమందికి ఆ కణాలు పెరగవంటారు. పెరగవో, పెంచితే వాళ్ళకు గిట్టుబాటు కాదో నాకు తెలియదు. గారెలు వేసినట్టు ఒక్కసారికి నలుగురికే వస్తుంది కాబట్టి జనం దీనికి వాయి అని పేరు పెట్టారు. మనిషికి ఆరు వాయిలు పడాలి, నెలకు ఒకటి చొప్పున.

మూత తెరుచుకోవాలంటే నలుగురూ పట్టీ కట్టిన చేతులు దాని మీద పెట్టాలి. ఆ నలుగురి నాడే కొట్టుకుంటుంటేనే అది ఒప్పుకుంటుంది, వేరేవాళ్ళ చెయ్యి పనికిరాదు. తర్వాత నలుగురి ఒంట్లోకీ మందు ఎక్కినట్టు ఆ పట్టీలు కబురు పంపితే, అప్పుడు ఆరోగ్య నిధి నాకు డబ్బు చెల్లిస్తుంది. ఒక్కరికి ఎక్కకపోయినా ఆ వాయి మొత్తానికి పైసా రాదు. కంపెనీకి మాత్రం ఆరు వాయిల సొమ్మూ నేను ముందే కట్టేయాలి. అలాంటి వరసలు నా దగ్గర పది నడుస్తున్నాయి. నలభై మంది మనుషులు. వాళ్ళ కోసం ఈ మేడ తాకట్టులో ఉంది. మందు అమ్మేవాడికి నష్టం లేదు, డబ్బు ఇచ్చేవాడికి నష్టం లేదు, మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఇవాళ మొదలైన వరసలో నలుగురు. బండ్ల శేషారత్నం గారు అప్పడాల వ్యాపారం చేస్తారు, అరవై దాటాయి. మస్తాన్‌వలి ఊళ్ళోకి వచ్చే నీళ్ళను తోడే మోటార్లకు మెకానిక్కు. ప్రిస్కిల్లా పడవ బడిలో టీచరు, వయసు ముప్ఫై ఒకటి, భర్త లేడు, ఆరేళ్ళ కూతురుంది. నాలుగో మనిషి కోటిలింగం. సముద్రం కట్ట మీద గేటు దగ్గర పడవల పన్ను వసూలు చేస్తాడు. ఆయన లోపలికి అడుగు పెట్టగానే మిగతా ముగ్గురి మొహాలూ మాడిపోయాయి. ఊళ్ళో ఆయనకు డబ్బు కట్టని మనిషీ లేడు, ఆయన చేత తిట్లు తినని మనిషీ లేడు.

వాయివాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. నేను పెట్టింది కాదు, వాళ్ళలో వాళ్ళే పెట్టుకున్నారు. మొదటి రోజు భోజనం క్యారేజీ మీద నలుగురూ చేతులు వేసి, “నా లెక్క చెప్పను, నీ లెక్క అడగను” అనుకుంటారు. లెక్క అంటే రక్తంలో జబ్బు ఎంత మిగిలి ఉందో చెప్పే అంకె. మందు మొదలైన కొత్తలో ఎక్కడో ఒకడికి లెక్క సున్నా వచ్చిందట. సంతోషం పట్టలేక ఆ సంగతి చెప్పి, ఇక రానన్నాడట. మిగతా ముగ్గురి బంధువులు వాణ్ణి పడవల మీద తరిమి నీళ్ళలో ముంచేశారు. అప్పటి నుంచి ఈ ప్రమాణం వచ్చింది. ఒకరి లెక్క ఇంకొకరికి చెబితే నా లైసెన్సు కూడా పోతుంది.

“నలుగురితో పాటు నారాయణా. కానియ్యండి,” అంటూ శేషారత్నం గారు అందరికంటే ముందు చెయ్యి వేసింది.

“ఆ క్యారేజీలో ఏవుందో చెప్పి చెయ్యెయ్యమనండి. వంకాయైతే నాకు పడదు,” అన్నాడు కోటిలింగం.

వంకాయే.

రెండో వాయి తర్వాత

వాయి రోజున మందుకు ముందు నలుగురూ నేల మీద వరసగా కూర్చుని తింటారు. మందు ఎక్కాక రెండు రోజులు ఏమీ సహించదు కాబట్టి ఆ పూట తిండి వాళ్ళకు పండగ. శేషారత్నం గారి అప్పడాలు, మస్తాన్‌వలి భార్య పంపే ఎండు రొయ్యల పులుసు, ప్రిస్కిల్లా పెరుగన్నం. కోటిలింగం ఏమీ తేడు. తెచ్చినవాటికి వంకలు మాత్రం పెడతాడు. కిటికీ పక్క కుర్చీ తనదేనని ఇవాళ మస్తాన్‌వలితో పోట్లాట పెట్టుకున్నాడు. మస్తాన్‌వలి లేచి ఇచ్చేశాడు.

“కట్ట మీద ఎట్టాగూ నీ మాటేగా. ఈడ గూడా నీ మాటే కానీయ్,” అన్నాడు.

“రూలు రూలే. ముందొచ్చినోడిది కుర్చీ,” అన్నాడు కోటిలింగం, తాను ఆఖరున వచ్చి కూడా.

శేషారత్నం గారు ప్రిస్కిల్లా గుండు మీద కొబ్బరి నూనె రాసింది. జుట్టు లేకపోయినా కుదుళ్ళు చల్లబడతాయట. ఇద్దరూ నవ్వుకుంటుంటే కాసేపు ఇది ఆసుపత్రి అని నేనే మరిచిపోయాను.

సాయంత్రం కంపెనీ నుంచి వినీల్ తెర మీదికి వచ్చాడు. వినీల్ మా జిల్లాకు మందు అమ్మే అబ్బాయి, పళ్ళు బాగా తోముకుంటాడు. నా వరసల్లో ఒక్క కుర్చీ కూడా ఖాళీ కాలేదని, అందుకు వచ్చే ఏడాది ధరలో తగ్గింపు ఉంటుందని అభినందనలు చెప్పాడు. వేటపాలెంలో నాలాగే క్లినిక్కు నడిపే డాక్టరు గారి సంగతి కూడా చెప్పాడు. ఆయన వరసల్లో రెండు మధ్యలో తెగిపోయాయి. నిధి డబ్బు ఆగింది, కంపెనీ బిందెలు ఆపింది, బ్యాంకు తాళం వేసింది.

ఆ సంగతి నాకు వినీల్ చెప్పాలా? వేటపాలెం రోగులు పోయిన వారమంతా నా మెట్ల మీదే కూర్చున్నారు. ఒక్కరిని కూడా తీసుకోలేకపోయాను. సగంలో ఆగిన మనిషి కొత్త వాయిలో ఇమడడు. వాళ్ళలో ఎంతమంది ఇంకా ఉన్నారో అడగడానికి నాకు ధైర్యం లేదు.

మూడో వాయి తర్వాత

ప్రిస్కిల్లా లెక్క సున్నా వచ్చింది.

మూడు వాయిలకే సున్నా రావడం అరుదు. నా గదిలో ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. ముందు అర్థం కాలేదు. తర్వాత నవ్వింది, ఆ తర్వాత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఈ వృత్తిలో ఇలాంటి మాట చెప్పే రోజులు ఎన్నో ఉండవు.

“ఇంక రానక్కర్లేదు. మానేసే హక్కు నీకుంది. వచ్చే నెల నుంచి బళ్ళోనే ఉండు,” అన్నాను.

కళ్ళు తుడుచుకుని అడిగింది. “నేను రాకపోతే మిగతా ముగ్గురికీ బిందె తెరుచుకోదు కదా మేడం?”

“తెరుచుకోదు.”

“వాళ్ళకి మందు పనిచేస్తందా?”

“వాళ్ళ లెక్కలు నీకు చెప్పకూడదు.”

“శేషారత్నం పెద్దమ్మకి పనిచేస్తంది మేడం. మొహంలో కళ వచ్చింది, నేను చూస్తన్నాగా. మా అమ్మ తర్వాత నన్ను అట్టా చూసింది ఆవిడే. నేను లేచిపోతే ఆవిణ్ణి నేనే చంపినట్టు.”

ఆవిడ మొహంలో ఉన్నది కళ కాదు, వాపు. శేషారత్నం గారి లెక్క మొదటి రోజు కంటే రెట్టింపయింది. మందు ఆవిడ మీద అణువంత కూడా పనిచేయడం లేదు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. లైసెన్సు గుర్తొచ్చింది. లైసెన్సు కంటే ముందు బ్యాంకు గుర్తొచ్చింది. కక్కలేక మింగలేక ఊరుకున్నాను. నేను మాట్లాడకపోవడాన్ని ప్రిస్కిల్లా అవుననే అనుకుంది.

చెప్పవలసిన మరో మాట మాత్రం చెప్పాను. తినడానికి కణితి దొరకకపోతే ఆ కణాలు ఖాళీగా ఉండవు. నరాల జోలికి పోతాయి. మొదట వేళ్ళ చివర్లు మొద్దుబారతాయి, కొందరికి ఆ తర్వాత గుండె. అందరికీ జరగదు గానీ జరిగినవాళ్ళను నేను చూశాను.

“ఇంకో మూడేగా మేడం. దేవుడున్నాడు,” అంది. “ఎవరికీ చెప్పమాకండి. ముఖ్యంగా పెద్దమ్మకి.”

ఆమె వెళ్ళాక రోజారాణి నా మొహం చూసి ఏమైందని అడిగింది. ఆమెకు అన్ని లెక్కలూ తెలుసు, సూది పొడిచి రక్తం తీసేది తనే. తర్వాతి రోగిని పిలవమన్నాను.

నాలుగో వాయి తర్వాత

ఇవాళ రాయబోయేది రాస్తుంటే నాకు నవ్వు వస్తోంది. ఆ నవ్వు మంచిది కాదు.

మస్తాన్‌వలి లెక్క కూడా సున్నా. చెప్పగానే పైకి చూసి చేతులెత్తి దువా చేసుకున్నాడు. తర్వాత నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే అడిగాడు. తాను మానేస్తే మిగతావాళ్ళ సంగతేమిటని.

“ఆ టీచరమ్మకి చిన్నబిడ్డ ఉంది డాక్టరమ్మా. మొన్న బడి పడవ మోటారు చెడిపోతే బాగుచెయ్యడానికి పోయినా. ఆ పాప నా స్పానరు తీసుకుని దాక్కుంది. తల్లి లేకపోతే ఆ పాపని ఎవురు చూస్తారు? నేను మోటార్లతో నీళ్ళు తోడి ఊరు ముణక్కుండా చూసేవోణ్ణి, ఒక ఇల్లు ముంచమంటావా? కూర్చుంటాలే. ఆమెకి మాత్రం చెప్పబాక, సిగ్గుపడిద్ది.”

అతనికి కూడా ప్రమాదం సంగతి చెప్పాను. విన్నాడు. చేతులు మొద్దుబారితే మెకానిక్కుకు అన్నం ఉండదని నాకంటే అతనికే బాగా తెలుసు.

తర్వాత శేషారత్నం గారు వచ్చింది. నేను నోరు తెరవక ముందే చెయ్యి అడ్డం పెట్టింది. “చెప్పబాకమ్మాయ్. నా ఒళ్ళు నాకు తెల్వదా? ఈ మందు నాకు గంజినీళ్ళతో సమానం. వాంతులెక్కువ, అంతే.”

“అయితే మానేయండి. ఇంట్లో మీవాళ్ళ దగ్గర ఉండండి. నొప్పికి మందు నేనిస్తాను,” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

“నేను మానేస్తే ఆ పిల్ల గతేంది? ప్రిస్కిల్లాది. చిన్న ప్రాణం. దానికి ఆరు వాయిలూ పడాల. నేను పోయేదాన్ని ఎట్టాగూ పోతన్నా, రెణ్ణెల్లు ముందో ఎనకో. ఆ కుర్చీలో కూర్చుంటే నా సొమ్మేం పోయింది?”

కోటిలింగం ఆఖరున వచ్చాడు. ఆయన లెక్క సగానికి పైగా తగ్గింది. మందు నెమ్మదిగా, మొండిగా, ఆయనలాగే పనిచేస్తోంది. ఇంకో రెండు వాయిలు పడితే బతికే అవకాశం బాగా ఉంది, ఆగిపోతే వెనక్కి తిరుగుతుందని చెప్పాను.

“రెండూ పడాల్సిందే. ఏదన్నా తేడా వస్తే ఊరుకునేది లేదు,” అన్నాడు వేలు చూపించి. “ఆ ముగ్గురూ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనీ. నాకు మందుతో పని, మొహాల్తో కాదు.”

కాబట్టి పరిస్థితి ఇదీ. ప్రిస్కిల్లా శేషారత్నం కోసం కూర్చుంటోంది. శేషారత్నం, మస్తాన్‌వలి ప్రిస్కిల్లా కోసం కూర్చుంటున్నారు. ఆ ముగ్గురిలో ఎవరికీ ఈ మందు అక్కర్లేదు. అక్కరున్నవాడు ఒక్కడే, వాడి కోసం ఎవరూ కూర్చోలేదు. ఈ నాలుగు సంగతులూ తెలిసినదాన్ని నేను. నోరు విప్పితే కోటిలింగం పోతాడు, ఆ వెనకే నా క్లినిక్కు పోతుంది. విప్పకపోతే ముగ్గురి ఒళ్ళు గుల్ల.

అదే వారం

ప్రిస్కిల్లా చేతిలోంచి సుద్దముక్క జారిపోతోందట. పాపకు జడ వేయబోతే రిబ్బను ఉందో లేదో వేళ్ళకు తెలియడం లేదట. నవ్వుతూనే చెప్పింది. రోజారాణి మాత్రం నవ్వలేదు. ఆమె మెట్లు దిగగానే తలుపు మూసి నా మీద పడింది.

“మేడం, చెప్పేయండి.”

“చెబితే కోటిలింగానికి మందు ఎవరు పోస్తారు?”

“మూత తెరుచుకోడానికి నలుగురి చేతులే కదా కావాల్సింది? వచ్చి చేతులు పెట్టి పొమ్మందాం. కోటిలింగానికి ఎక్కిద్దాం. మిగతా మూడు పాళ్ళూ పారబోద్దాం. అందరూ మంచోళ్ళే, చెయ్యి పెట్టి పోవడానికి కాదంటారా?”

ఆ ఆలోచన నాకు రాలేదనుకుందో ఏమో. నాలుగు పట్టీలకు మందు కబురు అందకపోతే నిధి ఆ వాయికి డబ్బు ఇవ్వదు. ఒక్క వాయి దెబ్బకు తట్టుకుంటానేమో గానీ రెండు వాయిలు పోతే బ్యాంకు వాయిదా తప్పుతుంది. వాయిదా తప్పితే తాళం. మిగతా తొమ్మిది వరసల్లో ముప్ఫై ఆరు మంది వేటపాలెం వాళ్ళలా ఎవరి మెట్ల మీదో కూర్చుంటారు. అదంతా ఆమెకు చెప్పాను.

“అదంతా నిజమే. మరి ప్రిస్కిల్లా?” అంది.

మర్నాడు వినీల్‌కు ఫోను చేశాను. ఒక్క మనిషి వంతు మందు విడిగా అమ్మమన్నాను. మిగిలిన మూడూ వెనక్కి తీసుకోమన్నాను. సగం ధరకైనా సరేనన్నాను. బతిమాలాను. ఇంతకుముందు ఎవరినీ అంతగా బతిమాలలేదు.

“డాక్టర్ గారూ, మీ బాధ నాకు అర్థమవుతోంది,” అన్నాడు వినీల్. “కానీ మాకు రిస్కు పంచుకునే పాలసీ లేదండీ. మీకు ఇప్పటిదాకా నూటికి నూరు హాజరు ఉంది. దాన్ని పాడుచేసుకోకండి.”

పిల్లికి చెలగాటం. ఫోను పెట్టేసి గోడకేసి కొట్టబోయి ఆగాను. అది కూడా ఇంకా కంతుల్లోనే ఉంది.

ఐదో వాయి నాడు

ఇవాళ అందరి ముందూ చెప్పేద్దామని లేచాను. స్నానం చేస్తున్నప్పుడు మాటలు కూడా కూర్చుకున్నాను.

క్లినిక్కుకు వచ్చేసరికి బ్యాంకు మనిషి మెట్ల మీద ఉన్నాడు. నిధి నుంచి రెండో వాయి డబ్బు ఇంకా రాలేదు. ఈ వాయి పూర్తయినట్టు కబురు వెళితే రెండూ కలిపి వస్తాయి, అంతదాకా ఆగుతానన్నాడు. మర్యాదగానే అన్నాడు. వెళ్ళేటప్పుడు గోడల పగుళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసుకుంటూ వెళ్ళాడు.

దాంతో నేను కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. ఈ ఒక్కటీ కానిచ్చి, ఆరోదానికి ముందు తప్పకుండా చెబుదామనుకున్నాను. ఆరోది రోజారాణి అన్నట్టే చేద్దాం, ఒక్కటైతే తట్టుకోగలను. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడం నాకు బాగా వచ్చు.

నలుగురూ బిందె మీద చేతులు పెట్టారు. ప్రిస్కిల్లా తన చెయ్యి మూతకు తగిలిందో లేదో తెలియక వంగి చూసుకుంది. శేషారత్నం గారు ఆ చేతిని పట్టుకుని సరిగ్గా పెట్టింది. మందు ఎక్కింది. నాలుగు పట్టీలూ కబురు పంపాయి. వినీల్ దగ్గర నుంచి పువ్వుల బొమ్మ వచ్చింది.

దిగేటప్పుడు ప్రిస్కిల్లా రెండో మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆయాసం. గుండె పరీక్ష చేశాను. నరాలు తడబడుతున్నాయి. ఇక చాలు, ఆరోదానికి నువ్వు మందు తీసుకోవద్దు, వచ్చి చెయ్యి పెట్టి వెళ్ళు, అంతే అన్నాను.

“అట్టా కుదురుద్దా మేడం? పెద్దమ్మకి మందు వస్తదా?” అని అడిగింది.

“వస్తుంది,” అన్నాను.

“మరి ముందే ఎందుకు చెప్పలేదు?” అంది. కోపంగా కాదు. పిల్లలు తప్పు లెక్క చేస్తే టీచరు అడిగినట్టు అడిగింది. నేను మందుల చీటీ రాయడం మొదలుపెట్టాను.

పదో రోజు

ప్రిస్కిల్లా చనిపోయింది. బళ్ళో పాఠం చెబుతూ బల్ల మీదికి ఒరిగిపోయిందట. పడవలో తీసుకొచ్చారు. గంట సేపు గుండె మీద నొక్కుతూనే ఉన్నాను. ఆఖరికి రోజారాణి నా చేతులు పట్టుకుని తీసేసింది.

పాత సమాధుల దొడ్డి నీళ్ళలో ఉంది కాబట్టి కట్ట అవతల మెరక మీద పూడ్చిపెట్టారు. కట్ట దాటాలంటే పన్ను కట్టాలి. గేటు దగ్గర కోటిలింగం కుర్చీలోంచి లేచి అడ్డుకర్ర ఎత్తి పట్టుకున్నాడు. పడవలన్నీ పోయేదాకా దించలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు.

పాప పేరు కీర్తన. మస్తాన్‌వలి చంక దిగలేదు. ఏడవలేదు కూడా. పాప నాయనమ్మ నా దగ్గరికి వచ్చి, “బిడ్డకి తగ్గిందని సంబరపడ్డాం గదమ్మా, ఇట్టా ఎందుకయింది?” అని అడిగింది. మందు పడలేదని చెప్పాను. అది అబద్ధం కాదు గానీ నిజం కూడా కాదు.

ఆరో వాయి నాడు

ముందే సొమ్ము కట్టాను కాబట్టి బిందె దాని టైముకు వచ్చింది. రావద్దని నేను చెప్పలేదు, రమ్మనీ చెప్పలేదు. ముగ్గురూ వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. మూడు చేతులకు మూత తెరుచుకోదని అందరికీ తెలుసు. అయినా పెట్టి చూశారు. నేను నా చెయ్యి కూడా పెట్టాను. తెరుచుకోలేదు.

శేషారత్నం గారు మూత మీద నుంచి చెయ్యి తీసి నేల మీద చతికిలబడింది. గుండెలు బాదుకుంటూ ఏడ్చింది.

“నేను కూర్చుందే ఆ పిల్ల కోసం గదమ్మా! నాది ఎప్పుడో చేజారిన కేసు. దానికి ఆరూ పడాలని, బతకాలని, కక్కుకుంటా కూర్చున్నా. అదే పోయింది.”

మస్తాన్‌వలి తల తిప్పాడు. “పెద్దమ్మా, ఏందీ నువ్వనేది? నాకు రెణ్ణెల్ల కిందే సున్నా వచ్చింది. ఆ టీచరమ్మకి మందు అందాలని నేను కూర్చున్నా.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ నన్ను చూశారు. ఇక దాచేదేమీ లేదు. ప్రిస్కిల్లాకు మూడో వాయికే సున్నా వచ్చిందని, శేషారత్నం గారి కోసమే వచ్చేదని, మందే ఆమె గుండె తీసిందని చెప్పాను.

శేషారత్నం గారు ఏడుపు ఆపింది. “నా కోసమా?” అంది. మళ్ళీ, “ఈ ముసలిముండ కోసమా?” అంది. ఆ తర్వాత నా మొహం వైపు చూడలేదు. మస్తాన్‌వలి మొద్దుబారిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

కోటిలింగం కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు.

“మరి నా లెక్క?” అన్నాడు.

“బాగా తగ్గింది. ఈ వాయి పడి ఉంటే జబ్బు పూర్తిగా పోయేదేమో. ఇప్పుడు మళ్ళీ పెరుగుతుంది.”

“అంటే ఈ మందు కావాల్సింది నాకొక్కడికే?”

“అవును.”

బిందె వైపు చూశాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

“అందరూ ఎవురో ఒకరి కోసం కూర్చున్నారు. నేనొక్కణ్ణే నా కోసం కూర్చున్నా,” అన్నాడు. నా వైపు తిరిగాడు. “నువ్వెవరి కోసం కూర్చున్నావు డాక్టరమ్మా?”

నలభై మంది కోసం అని చెప్పవచ్చు. అందులో నిజం కూడా ఉంది. “ఈ మేడ కోసం,” అన్నాను.

తల ఊపాడు. మస్తాన్‌వలి భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. “నా లెక్క దాచబాక. ఈడకొచ్చే ప్రతి వాయివాళ్ళకీ చెప్పు. కోటిలింగం అనేవోడు బతకాల్సిన లెక్క ఉండి పోయాడని చెప్పు. తర్వాత వాళ్ళ లెక్కలు వాళ్ళ ముందరే చదువు. నా మాటగా చెప్పు. తిడితే నన్నే తిట్టుకుంటారు, నాకు అలవాటే.”

ముగ్గురూ ఒకే పడవలో వెళ్ళారు. మధ్యాహ్నానికి బిందెలో మందు చచ్చిపోయింది.

బుధవారం వరస నాడు

ఇవాళ ఇంకో వరసకు నాలుగో వాయి. వాళ్ళు తినడానికి కూర్చోక ముందే నలుగురినీ నిలబెట్టి కోటిలింగం సంగతి చెప్పాను. ప్రిస్కిల్లా సంగతి చెప్పాను. తర్వాత నలుగురి లెక్కలూ పైకి చదివాను. రోజారాణి తలుపు దగ్గర నిలబడింది, ఎవరైనా కొట్టుకుంటారేమోనని.

ఎవరూ కొట్టుకోలేదు. ఒకామెకు సున్నా. ఒకతనికి మందు పనిచేయడం లేదు. మిగతా ఇద్దరికీ మందు కావాలి. లేచి వెళ్ళే ఇద్దరినీ మూత మీద చేతులు పెట్టి వెళ్ళమని అడిగాను. పెట్టారు. మూత తెరుచుకుంది. ఇద్దరికి మందు ఎక్కించాను, రెండు పాళ్ళు సింకులో పారబోశాను. తెల్లగా, చిక్కగా పోయింది. రోజారాణి పంపు తిప్పి సింకు కడిగింది.

రెండు పట్టీల నుంచి కబురు వెళ్ళనందుకు నిధి ఈ వాయికి డబ్బు ఆపేసినట్టు వెంటనే తెలిపింది. వినీల్ ఫోను చేస్తూనే ఉన్నాడు, నేను ఎత్తలేదు. బ్యాంకు నెలాఖరు దాకా గడువిచ్చింది. ఈలోగా ఎన్ని వరసలకు ఇలా పోయగలనో పోస్తాను. తర్వాత తాళం పడుతుంది, మిగిలినవాళ్ళు మెట్ల మీద కూర్చుంటారు.

పారబోయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రిస్కిల్లాకు సున్నా వచ్చిన రోజే ఈ పని చేసి ఉండవచ్చు. ఖర్చు ఒక మేడ, అంతే.